పెద్ద వేదిక మీద కిక్రి వినపడుతుందా?



ఈ సంచికకు ఏం రాద్దామని మేము నలుగురం కూర్చున్నప్పుడు, హైదరాబాద్‌లో చదువుకుంటున్న మా ఊరి పిల్లవాడు ఒకడు ఓ ప్రశ్న వేశాడు. వాడికి సినిమా పాటలంటే పెద్దగా ఇష్టం ఉండదు. ఎవరూ వినని బ్యాండ్లు వెతుక్కుని మరీ వింటాడు. అప్పులు చేసి టికెట్టు కొని ఒక పెద్ద సంగీతోత్సవానికి వెళ్తే, తాను వినాలనుకున్న బ్యాండుకు మధ్యాహ్నం మండుటెండలో అరగంట ఇచ్చారట. రాత్రి పెద్ద వేదికంతా అందరికీ తెలిసిన పాటలకే పోయిందట. "పెద్ద పండుగలవాళ్లు మాలాంటి వాళ్లను పట్టించుకోరా కాకా?" అని అడిగాడు. మాకు నవ్వొచ్చింది. మా పాటకు అరగంట కూడా ఎవరూ ఇవ్వలేదు మరి. తర్వాత ఆలోచిస్తే వాడి బాధ, మా బాధ ఒకటేననిపించింది. అందుకే ఆ ప్రశ్నను మా జాతరల దగ్గరికి, మా వేదికల దగ్గరికి తెచ్చుకుని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు మా పాట ఎలా ఉండేదో చెప్పాలి. ఆదిలాబాద్ గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలున్నాయి. ఒక్కో సగలో ఎన్నో వంశాలు. ఆ వంశాల కథలు చెప్పేది ప్రధాన్‌లు, తోటీలు. ఫలానా గోండు ఇంటికి ఫలానా ప్రధాన్ కుటుంబం అని తరతరాలుగా వస్తున్న సంబంధం అది. పెర్సాపేన్ పూజకు, పెళ్లికి, చావుకు ప్రధాన్ రావాలి, కిక్రి పట్టాలి, ఆ వంశం ఎక్కడ పుట్టిందో, ఏ గుహలోంచి బయటికి వచ్చిందో, పహండి కుపార్ లింగాల్ ఏ దారి చూపించాడో పాడాలి. కథ రాత్రి భోజనాలయ్యాక మొదలైతే తెల్లవారుజాము దాకా సాగుతుంది. అందుకు ఆ ఇంటివాళ్లు ధాన్యం, బట్టలు, కలిగినవాళ్లయితే ఆవును ఇచ్చేవారు.

ఆ రాత్రుల్లో పాడేవాడి కన్నా వినేవాళ్ల సంగతి మాకు ఎక్కువ గుర్తుంది. మంట చుట్టూ కూర్చున్న ముసలాళ్లు ఊరికే వినేవాళ్లు కాదు. ఒక దేవత పేరు తప్పిపోయినా, ఒక ఊరు ముందు వెనుకలైనా "ఆగు, ఆగు" అనేవారు. ప్రధాన్ నవ్వి, వెనక్కి వెళ్లి సరిచేసుకుని పాడేవాడు. కథ కాపాడింది పాడినవాళ్లతో పాటు ఆ వినేవాళ్లు కూడా. 1941 నుంచి మా ప్రాంతంలో పనిచేసిన హైమన్‌డార్ఫ్ ఇలాంటి ప్రధాన్‌ల దగ్గర కూర్చునే మా పురాణాలు రాసుకున్నారు. ఆయన 'ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' 1948లో అచ్చయింది. ఆ పుస్తకం ఇప్పుడు చదివితే మాకు కథలు దొరుకుతాయి, "ఆగు, ఆగు" అన్న గొంతులు మాత్రం దొరకవు.

కిక్రి గురించి తెలియని చదువరుల కోసం రెండు మాటలు. అది చిన్న వాయిద్యం. మూడు తీగలు, తోలు బిగించిన డొల్ల, గుర్రం వెంట్రుకల కమాను. దాని గొంతు మనిషి గొంతు లాగే సన్నగా, కొంచెం బొంగురుగా ఉంటుంది. ముప్పై, నలభై మంది దగ్గరగా కూర్చుంటే అందరికీ వినపడుతుంది. ఆ పక్కనే డీజే బాక్సు పెడితే అయిదడుగుల దూరంలో ఉన్నవాడికి కూడా వినపడదు. పేప్రే, డోల్, తుడుం అలా కాదు, వాటికి గొంతు ఎక్కువ. వేదికల కాలం వచ్చాక ఏ వాయిద్యం నిలబడిందో, ఏది వెనక్కి పోయిందో చూస్తే ఈ తేడా చాలా పని చేసిందనిపిస్తుంది.

ఇప్పుడు నాగోబా సంగతికి వద్దాం. మెస్రం వంశస్తులు కలమడుగు దగ్గరి హస్తినమడుగుకు కాలినడకన వెళ్లి గోదావరి నీళ్లు తేవడం, కెస్లాపూర్ మర్రిచెట్ల కింద విడిది చేయడం, పుష్య అమావాస్య రాత్రి మహాపూజ, కొత్త కోడళ్ల భేటింగ్ — ఇవన్నీ ఈ సంచిక చదివేవాళ్లకు మేము కొత్తగా చెప్పక్కర్లేదు. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగిన తర్వాతే నిజాం ప్రభుత్వానికి మా గోడు వినాలన్న సోయి వచ్చింది. ఆ దశాబ్దంలోనే హైమన్‌డార్ఫ్ చొరవతో జాతరలో దర్బార్ మొదలైంది. దర్బార్ వల్ల భూముల మాట, బడుల మాట అధికారుల చెవిన పడింది. దాన్ని మేము తక్కువ చేయం. కానీ దర్బార్‌తో పాటు జాతరకు ఒక వేదిక వచ్చింది, వేదికతో మైకు వచ్చింది, మైకు వెనకాల దుకాణాలు, రంగుల రాట్నాలు, వాటి పాటలు వచ్చాయి. గుడి దగ్గర పూజ ఈనాటికీ మెస్రం పెద్దల చేతిలోనే ఉంది, అక్కడ మా వాయిద్యాలే మోగుతాయి. గుడి నుంచి నాలుగడుగులు బయటికి వేస్తే మాత్రం ఏ పట్నం ఎగ్జిబిషన్‌కు వచ్చామో తెలియదు. మర్రిచెట్టు కింద వంశ కథ వింటున్నవాళ్లు చెవులు రిక్కించాల్సి వస్తోంది.

దండారి కథ ఇంకో రకం. దీపావళికి ముందు ఒక ఊరి దండారి జట్టు ఇంకో ఊరికి చుట్టంగా వెళ్తుంది. వాళ్లకు ఎదురెళ్లి పిలుచుకొస్తారు, అన్నం పెడతారు. రాత్రంతా పాట, ఆట, హాస్యం. అక్కడే పెళ్లి సంబంధాలు కూడా కుదురుతాయి. గోదావరి ఒడ్డున గుడిరేవులో పద్మల్‌పురి కాకో దగ్గరికి జట్లు వచ్చే రోజుల్లో అక్కడి తుడుం చప్పుడు విన్నవాళ్లు మర్చిపోలేరు. ఈ దండారిలో గుస్సాడీ ఒక భాగం. నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, మెడలో పూసలు, చూడగానే కళ్లకు కట్టేస్తుంది. కాబట్టి వేదికలవాళ్లు గుస్సాడీని పట్టుకున్నారు. ఆడపిల్లల వేషం వేసుకునే పోరిక్‌లు, గుమేల పాటలు, ఊరి ముచ్చట్లు ఇంటి దగ్గరే ఉండిపోయాయి.

మార్లవాయి కనకరాజు గారు గుస్సాడీని ఎంతోమంది పిల్లలకు నేర్పారు, ఊరి గడప దాటించారు. 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఊళ్లలో ప్రతి ఇంటికీ వచ్చినంత సంతోషపడ్డాం. 2024లో ఆయన పోయారు. ఆయన లేకపోతే గుస్సాడీ పేరు కూడా బయటివాళ్లకు తెలిసేది కాదు. అయినా ఒక మాట అనక తప్పదు. వేదిక మాకు కళ్లతో చూసేవాళ్లను తెచ్చిపెట్టింది, చెవులతో వినేవాళ్లను తేలేదు. అరకు హోటళ్లలో చలిమంట చుట్టూ థింసా ఆడించుకునే చోట కూడా ఇదే చూశాం. పర్యాటకులు చేతులు కలిపి రెండు చుట్లు తిరుగుతారు, ఫోటో దిగుతారు. పాట ఏ భాషలో ఉందో అడిగినవాళ్లను మేము చూడలేదు.

మా అనుభవం ఒకటి చెబుతాం. కొన్నేళ్ల కింద ఒక పెద్ద ఉత్సవానికి మా జట్టును పిలిచారు. ఉత్సవం పేరు అనవసరం. మాతో పాటు ఒక ప్రధాన్ కాకాను తీసుకెళ్లాం. ఆయన వయసు డెబ్బై దాటింది. నిర్వాహకులు గుస్సాడీకి పది నిమిషాలు, కిక్రికి ఐదు నిమిషాలు అన్నారు. కాకాకు ఐదు నిమిషాలంటే దేవతలకు దండం పెట్టుకోవడానికి కూడా చాలదు. పైగా మైకు ఎక్కడ పెట్టాలో సౌండు అబ్బాయికి తెలియలేదు, ఆయన నోటి దగ్గర పెట్టాడు. గొంతు వినపడింది, కిక్రి వినపడలేదు. ఎవరో చెయ్యి ఊపారు, కాకా లేచి వచ్చేశారు. వ్యాన్ దగ్గర కూర్చుని చుట్ట వెలిగించుకున్నారు, ఏమీ అనలేదు.

కాసేపటికి వ్యాన్ దగ్గరికి ముగ్గురు పిల్లలు వచ్చారు. పట్నం వాళ్లు, గోండి రాదు. "తాతగారు పాడుతున్నది మధ్యలో ఆపేశారు కదా, మిగతాది వినొచ్చా?" అని అడిగారు. వాళ్ల వెనకే ఉద్యోగరీత్యా ఆ ఊళ్లో ఉంటున్న మా గోండు కుటుంబం ఒకటి వచ్చింది. తర్వాత ఇంకొందరు. మొత్తం పదిహేను మంది ఉంటారేమో. కాకా చుట్ట ఆర్పేసి కిక్రి తీశారు. వేదిక మీద పెద్ద గాయకుడి కచేరీ నడుస్తుంటే, పార్కింగ్ స్థలంలో ఒక వ్యాన్ చాటున మా వంశ కథ రాత్రి ఒంటిగంట దాకా నడిచింది. మాలో ఒకరం మధ్యమధ్యలో అర్థం చెబుతూ పోయాం. ఆ గోండు ఇంటి పెద్దావిడ ఒకచోట "ఆగు, ఆగు" అంది. కాకా ముఖం అప్పుడు చూడాలి.

ఆ రాత్రి తర్వాత "వినేవాళ్లు లేరు" అన్న మాట మేము నమ్మడం మానేశాం. వినేవాళ్లున్నారు, వాళ్లను కూర్చోబెట్టే చోటు పండుగలో లేదు.

మేడారం దగ్గర ఇదే విషయం ఇంకా పెద్దగా కనిపిస్తుంది. 1996లో రాష్ట్ర పండుగగా ప్రకటించాక జాతర ఎంత పెరిగిందో అందరికీ తెలుసు. రెండేళ్లకోసారి మాఘమాసంలో నాలుగు రోజులకు కోటి మందికి పైగా వస్తారని లెక్క చెబుతారు. చిలకలగుట్ట నుంచి సమ్మక్క తల్లి దిగేటప్పుడు, కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజులు వచ్చేటప్పుడు కోయ డోలీలు, కొమ్ము బూరలు మోగుతాయి. ఆ కొద్ది సేపు తప్పిస్తే మిగతా సమయమంతా లౌడ్‌స్పీకర్లదే. సమ్మక్క కథ కూడా జనానికి క్యాసెట్ల నుంచి, సినిమాల నుంచి వచ్చిన కథగానే చేరింది. కోయల డోలి కళాకారులు పడిగె పట్టుకుని, దాని మీది బొమ్మలు చూపిస్తూ చెప్పే కథ వేరు. అందులో గోత్రాలుంటాయి, గట్లుంటాయి, దారులుంటాయి. దానికి కూడా ఒక రాత్రి పడుతుంది. మణుగూరు ప్రాంతం కూనవరం వాసి సకిని రామచంద్రయ్య గారు కోయ భాషలోనూ, తెలుగులోనూ ఆ కథలు పాడగలిగిన పెద్దమనిషి. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూడా వెళ్లిపోయారు. ఒకే ఏడాదిలో కనకరాజు గారిని, రామచంద్రయ్య గారిని పోగొట్టుకున్నాం. మేడారానికి వచ్చే కోటి మందిలో ఒక వెయ్యి మందైనా ఆ డోలి కథను మొదటి నుంచి చివరి దాకా విని ఉంటారా అని మాకు అనుమానం.

వేరే చోట్ల ఏం చేస్తున్నారో కూడా కొంచెం చూశాం. నాగాలాండ్‌లో 2000 నుంచి కోహిమా దగ్గర కిసామాలో డిసెంబర్ మొదటి పది రోజులు హార్న్‌బిల్ పండుగ చేస్తున్నారు. అది ప్రభుత్వ పండుగే, పర్యాటకుల కోసమే. అందులో రాక్ బ్యాండ్ల పోటీ కూడా పెట్టారు. కానీ ఒక్కో తెగకు ఒక్కో మోరుంగ్, అంటే వాళ్ల సంప్రదాయ ఇల్లు, కట్టి ఉంచారు. పెద్ద మైదానంలో ఆట అయ్యాక వచ్చినవాళ్లు ఆ ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చోవచ్చు. అరుణాచల్‌లో అపతానీల లోయలో 2012లో మొదలైన జీరో సంగీతోత్సవానికి మా ప్రశ్న వేసిన పిల్లవాడి లాంటివాళ్లే వెళ్తారు. పేరున్న సినిమా పాటల కోసం ఎవరూ అంత దూరం పోరు. అక్కడ పగటి వేదికకు, రాత్రి వేదికకు ఆ తెగ భాషలోని సూర్యచంద్రుల పేర్లే పెట్టుకున్నారు. ఇంకా దూరం పోతే నార్వే ఉత్తరపు కొసన సముద్రతీర సామి యువకులు 1991లో రిడ్డు రిడ్డు అనే పండుగ మొదలుపెట్టారు. మతగురువులు పాపమన్న యోయిక్ పాటను, తల్లిదండ్రులు సిగ్గుతో దాచుకున్న భాషను వాళ్లు వేదిక మీదికి తెచ్చారు. రాక్ గిటారు పక్కనే యోయిక్ పాడారు. ఈ పండుగల్లో లోపాలుంటే అక్కడివాళ్లే చెప్పాలి. మాకు నచ్చిందల్లా, చిన్న గొంతుకు కూడా పండుగ పటంలో ఒక స్థలం గీసిపెట్టడం.

తప్పంతా వేదికలవాళ్ల మీద తోసేస్తే అబద్ధమవుతుంది. మా పెళ్లిళ్లకు డీజే పిలిచింది మేమే. ప్రధాన్ వస్తే ధాన్యం ఇవ్వాల్సి వస్తుందని కబురు పంపకుండా ఊరుకున్నది కూడా మాలో కొందరమే. సంబంధం తెగిన ఇళ్లలో కిక్రి అటక ఎక్కింది. ఇప్పటి పిల్లలు గోండి పాటలకు డీజే దరువులు కలిపి ఫోన్లలో పెడుతున్నారు. కొందరు పెద్దలు దాన్ని తిడతారు, మేము తిట్టం. వాళ్ల నోట్లో భాష ఉంది. కాకా పాట కూడా అదే ఫోన్‌లో ఉంటే వాళ్లే వింటారు. ఆదిలాబాద్ ఆకాశవాణిలో గోండి కార్యక్రమం వస్తుంటే పని ఆపి విన్న ఇళ్లు మాకు తెలుసు.

జాతర నిర్వాహకులను, అధికారులను మేము అడగాలనుకుంటున్నది పెద్దదేమీ కాదు. ప్రతి పెద్ద పండుగలో లౌడ్‌స్పీకర్లకు దూరంగా ఒక పందిరి, కింద గడ్డి, మధ్యలో మంట, యాభై మందికి చోటు. అందులో ఒక రాత్రంతా ఒకే కథ. పాడేవాళ్లకు దారి ఖర్చులతో పాటు గౌరవంగా ఉండే డబ్బు. గోండి, కోయ రానివాళ్ల కోసం పక్కన కూర్చుని అర్థం చెప్పే మనిషి ఒకరు. గుస్సాడీకి ఇచ్చే పది నిమిషాలు అలాగే ఉండనివ్వండి.

ముందు మేమే చేసి చూపిద్దామని, వచ్చే దండారి రోజుల్లో మా సంఘం తరఫున అలాంటి రాత్రి ఒకటి పెడుతున్నాం. హైదరాబాద్ పిల్లవాడు తన స్నేహితులను తీసుకొస్తానన్నాడు. ప్రధాన్ కాకాకు కబురు పెడితే పత్తి పనులు చూసుకుని వస్తానన్నారు. కమానుకు వేసే గుర్రం వెంట్రుకలు ఈమధ్య దొరకడం లేదట. ఎవరి దగ్గరైనా ఉంటే సంఘం ఆఫీసులో ఇచ్చిపొమ్మని చెప్పమన్నారు.