సికింద్రాబాద్ వేసిన లెక్క: చక్రాకార గెలాక్సీలు మారిన తీరు

సాయంత్రం పూట సికింద్రాబాద్ మోండా మార్కెట్లో ఎవరి భుజమూ తగలకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడం అయ్యే పని కాదు. రెండు గెలాక్సీలు ఢీకొన్నప్పుడు మాత్రం ఒకదాని నక్షత్రాలు రెండోదాని నక్షత్రాల మధ్య నుంచి ఒక్కటీ తగలకుండా దాటిపోతాయి. వాటి మధ్య ఎడం అంత! అయినా ఆ తర్వాత రెండు గెలాక్సీలూ మునుపటిలా ఉండవు. ఎంత మారతాయో అంకెల్లో తేల్చడానికి కూర్చున్న తొలి తరం వాళ్లలో ఒకరు 1931లో ఈ సికింద్రాబాద్‌లోనే పుట్టారు. ఆయన సలేహ్ మొహమ్మద్ అలాదీన్.

ఆయన పుట్టేనాటికి గెలాక్సీల శాస్త్రం వయసు పదేళ్లు కూడా లేదు. ఆండ్రోమెడా మన పాలపుంతకు బయట ఉన్నదని ఎడ్విన్ హబుల్ 1923లో తీసిన ఫొటోలతో తేలింది. 1926లో ఆయన గెలాక్సీలను ఆకారాన్ని బట్టి వరుసగా పేర్చాడు. గుండ్రటివి ముందు, చేతులు విప్పిన చక్రాలు తర్వాత. ఆ వరుసే వాటి వయసు క్రమమని చాలామంది అనుకున్నారు. ఇప్పటి అవగాహన దాదాపు తలకిందులు: చక్రాలు కలిసిపోతే గుండ్రటివి పుడతాయి. ఆ రోజుల్లో మోండాకు కొద్ది కిలోమీటర్ల దూరాన, బేగంపేటలోని నిజామియా వేధశాల ప్రపంచ నక్షత్ర పట్టిక కోసం ఆకాశాన్ని ఫొటోలు తీస్తోంది. ఏ నక్షత్రం ఎక్కడుందో రాసిపెట్టడమే అప్పటి పెద్ద పని. గెలాక్సీలు మారతాయా అన్న ప్రశ్న ఇంకా దూరంలోనే ఉంది.

1941లో స్వీడన్‌లో ఎరిక్ హోల్మ్‌బర్గ్, గెలాక్సీలు ఎదురుపడితే ఏమవుతుందో చూడటానికి ఒక ముచ్చటైన పని చేశాడు. కంప్యూటర్ లేదు. బల్లమీద 74 విద్యుద్దీపాలు పరిచి, 37 ఒక గెలాక్సీ, 37 ఇంకొకటి అనుకున్నాడు. దూరం పెరిగేకొద్దీ వెలుగు ఎలా తగ్గుతుందో గురుత్వాకర్షణా అలాగే తగ్గుతుంది కాబట్టి, ప్రతి దీపం దగ్గరా వెలుగు కొలిచి, దాన్నే ఆకర్షణగా తీసుకుని దీపాలను జరుపుతూ పోయాడు.

అలాదీన్ ఉస్మానియాలో చదివి, షికాగోలో పరిశోధన చేసి, 1965లో ‘ఆస్ట్రోఫిజికల్ జర్నల్’లో ఢీకొనే గెలాక్సీల గతిశాస్త్రంపై వ్యాసం ప్రచురించారు. రెండు గెలాక్సీలు ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోయేటప్పుడు వాటి ప్రయాణశక్తిలో కొంత లోపలి నక్షత్రాల కదలికగా మారుతుంది. వేగంగా దాటిపోతే నష్టం కొద్దిగానే. నెమ్మదిగా వస్తే ఒకదాన్నొకటి వదలలేవు. ఆయన లెక్క గోళాలకు వేసినది, చక్రాలకు కాదు. అయినా అసలు కీలు అక్కడే ఉంది. ఆ తర్వాత ఉస్మానియాకు తిరిగొచ్చి ఇదే విషయంపై పనిచేశారు. 1982లో నరసింహన్‌తో కలిసి ‘ఫిజిక్స్ రిపోర్ట్స్’లో రాసిన సమీక్షా వ్యాసం ఆ కృషికి నిలువుటద్దం. అలాదీన్ 2011లో కన్నుమూశారు.

చక్రాల లెక్కను 1972లో అలార్, యూరి టూమ్రే సోదరులు వేశారు. ఢీకొన్న గెలాక్సీల నుంచి సాగే పొడవైన తోకలు ఆకర్షణ లాగిన నక్షత్రాలేనని చూపించారు. మరుసటి ఏడాది ఆస్ట్రైకర్, పీబుల్స్ ఇంకో చిక్కు బయటపెట్టారు: ఒంటరి చక్రం నిలవదు, చుట్టూ కనిపించని బరువు కావాలి. వీరా రూబిన్ కొలిచిన గెలాక్సీల భ్రమణ వేగాలు అదే మాట చెప్పాయి.

1995లో హబుల్ టెలిస్కోప్ పదిరోజులపాటు ఒకే చోటు చూసి తీసిన చిత్రంలో దూరపు గెలాక్సీలు చాలా వరకు ముద్దలుగా, చిందరవందరగా కనిపించాయి. చక్రాలు ఆలస్యంగా కుదురుకున్నాయని నమ్మకం కుదిరింది. 2022 నుంచి జేమ్స్ వెబ్ టెలిస్కోప్ ఆ నమ్మకాన్ని కదిలించింది. పుణెలోని జాతీయ రేడియో ఖగోళ భౌతిక కేంద్రం (ఎన్‌సీఆర్‌ఏ) పరిశోధకులు రాశి జైన్, యోగేష్ వాడదేకర్ దాని చిత్రాల్లో ‘అలకనంద’ అనే చక్రాకార గెలాక్సీని గుర్తించారు. విశ్వానికి 150 కోట్ల ఏళ్ల వయసున్నప్పుడే అది రెండు చేతులూ విప్పి నిలిచింది. పాలపుంత ఇప్పుడు కనేవాటికి సుమారు 20 రెట్ల నక్షత్రాలను అది అప్పట్లో కనేది. ఇంత త్వరగా చక్రం ఎలా కుదిరిందన్నదే ఇప్పుడు అసలైన తగువు.

మన పాలపుంత చక్రమూ దెబ్బలు తిన్నదే. సుమారు 1,000 కోట్ల ఏళ్ల కిందట ఒక చిన్న గెలాక్సీని మింగిన ఆనవాళ్లను గయా ఉపగ్రహ కొలతలు 2018లో బయటపెట్టాయి. ధనుస్సు రాశి దిక్కున ఇంకో మరుగుజ్జు గెలాక్సీ ఈనాటికీ చీలికలవుతోంది. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆండ్రోమెడాతో ఢీ తప్పదని 2012లో చెప్పారు. 2025లో మళ్లీ వేసిన లెక్క ప్రకారం, వచ్చే 1,000 కోట్ల ఏళ్లలో అది జరిగే అవకాశం సగానికి సగమే.