కీళ్ళ నొప్పులూ, మన తిండీ: చరిత్ర చెప్పే పాఠం

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో మోకాలు పట్టేసిందంటే చాలు, "వాతం చేసింది" అంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో దానినే "గఠియా" అంటారు. పేరు ఏదైతేనేం, వెనువెంటనే వచ్చే సలహా మాత్రం ఒక్కటే: వంకాయ మానెయ్యి, గోంగూర ముట్టకు, చింతపండు తగ్గించు, పప్పు వద్దు, చేప అసలే వద్దు. ఈ జాబితా ఇంటింటికీ మారుతుంది. దాన్ని నమ్మి పాటించేవారు ఎక్కువగా మన తల్లులూ, అప్పచెల్లెళ్ళూ. ఒక్కొక్కటే మానుకుంటూ పోయి చివరికి చారన్నం మీద బతుకుతారు. ఒంట్లో సత్తువ పోతుంది గాని నొప్పి పోదు.

మరి తిండికీ, కీళ్ళకూ సంబంధమే లేదా? తప్పకుండా ఉన్నది. అయితే అది ఎవరికి, ఏ జబ్బులో, ఎంతవరకు అన్నదే అసలు ప్రశ్న. దీనికి జవాబు కొంత మన ప్రాంతపు చరిత్రలోనే కలదు. దానిని పాఠకులకు మనవి చేయడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ఉత్తర సర్కారులకు ఒకప్పుడు ఒక చెడ్డపేరు ఉండేది. అది బెరిబెరి జబ్బు. ఇది కీళ్ళ జబ్బు కాదు, నరాలకూ గుండెకూ సంబంధించినది. అయినా రోగికి మొదట తెలిసేది కాళ్ళలోనే. కాళ్ళు తిమ్మిరెక్కి, బరువెక్కి, కొందరికి నీరు పట్టి, చివరికి నడక పడిపోయేది. మద్రాసు సైన్యంలో వైద్యుడైన మాల్కమ్‌సన్ 1835లోనే ఈ జబ్బును గూర్చి ఒక పుస్తకం అచ్చు వేయించాడు. గాలి, తేమ, నేల అంటూ ఆ కాలపు వైద్యులు ఎన్నో కారణాలు వెతికారు. కారణం మాత్రం కంచంలో ఉన్నది. 1890లలో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు కోళ్ళకు తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం పెడితే అవి కాళ్ళు పడిపోయి కూలబడడం, తవుడు పెడితే లేచి తిరగడం చూశాడు. ఈ కృషికి ఆయనకు 1929లో నోబెల్ బహుమానం వచ్చింది.

మన దేశంలో ఈ పని 1918లో కూనూరులో మెక్‌కారిసన్ దొర చేతిమీదుగా మొదలయింది. బెరిబెరి విచారణ కోసం పెట్టిన ఆ చిన్న ప్రయోగశాలే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా పేరు పొందింది. తమిళ దేశంలోనూ అన్నమే తింటారు, సర్కారులలోనూ అన్నమే తింటారు. మరి జబ్బు ఇక్కడే ఎందుకు? అక్కడ ఉప్పుడు బియ్యం వాడకం ఎక్కువ. వడ్లు ఉడకబెట్టినపుడు తవుడులోని థయమిన్ అనే విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. మన వైపు పచ్చి వడ్లను మిల్లులో తెల్లగా ఆడించి తినేవారు. దంపుడు బియ్యం, చోళ్ళ అంబలి వెనకబడి, మిల్లు బియ్యం గొప్పింటి గుర్తయిన కొద్దీ కాళ్ళు పడిపోయే ప్రమాదం పెరిగింది. ఇక్కడ తిండే కారణం, తిండే మందు.

కోస్తాకు దక్షిణాన నెల్లూరు జిల్లాలో ఇంకొక సంగతి బయటపడింది. అక్కడి కొన్ని పల్లెల్లో నడివయసు వారికే వెన్నూ కీళ్ళూ కర్రలా బిగుసుకుపోయేవి. తాగే నీటిలో ఎక్కువగా ఉన్న ఫ్లోరైడు ఎముకలలో చేరడమే ఇందుకు కారణమని 1937లో వైద్యులు ప్రకటించారు. వంకాయ మానితే ఆ నడుము వంగదు. మార్చవలసింది బావి నీటిని.

ఇక అసలు కీళ్ళ వాపుల సంగతికి వద్దాము. శ్రీకాకుళంలోని జామియా మసీదును 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించాడు. అప్పుడు ఈ ప్రాంతం గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉండేది. ఆ సుల్తానులే 1595లో హైదరాబాదులో దారుల్ షిఫా వైద్యశాలను నిర్మించి యూనానీ వైద్యాన్ని పోషించారు. ఆ హకీముల గ్రంథాలలో కీళ్ళ నొప్పి అంతా ఒకే మూట కాదు. పలు కీళ్ళు నొప్పి పెడితే వజావుల్ మఫాసిల్, కాలి బొటనవేలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్వలేనిది నిక్రిస్, తుంటి నుండి కాలి వెంట దిగేది ఇర్ఖున్నసా. జబ్బు పేరు తేలిన తర్వాతే పరహేజ్ చెప్పేవారు. వారు చెప్పిన కఫం, పిత్తం వంటి కారణాలను నేటి శాస్త్రం ఒప్పుకోదు. కాని విడదీసి చూడడమనే వారి పద్ధతి నిలిచింది. వారు వాడిన సురంజాన్ దుంప జాతి మొక్క నుండే 1820లో ఫ్రెంచి రసాయనవేత్తలు కోల్చిసిన్‌ను వేరు చేశారు. నేటికీ నిక్రిస్‌కు డాక్టర్లు రాసే మందులలో అది ఒకటి.

ఇంగ్లండులో గారడ్ అనే వైద్యుడు ఇదే దారిలో ఇంకా ముందుకు పోయాడు. నిక్రిస్ రోగి రక్తంలో యూరిక్ ఆసిడ్ ఎక్కువగా ఉంటుందని 1848లో చూపాడు. 1859లో దాని నుండి వేరుచేసి ఇంకొక జబ్బుకు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని పేరు పెట్టాడు.

ఈ తేడా తెలిస్తే మన పథ్యం ఎంత తలకిందులో తెలుస్తుంది. నిక్రిస్ ఉన్నవారు తగ్గించవలసినవి కార్జం, గుర్దా, ఎర్ర మాంసం, నెత్తళ్ళు, కవ్వళ్ళ వంటి చేపలు, సారా, బీరు, తియ్యటి కూల్‌డ్రింకులు. పప్పు సంగతి అలా కాదు. అమెరికాలో 47 వేలమందికి పైగా మగవారిని 12 సంవత్సరాలు గమనించి 2004లో ప్రకటించిన పరిశోధనలో మాంసం, చేపలు ఎక్కువ తిన్నవారికి ఈ జబ్బు ఎక్కువగా వచ్చింది. పప్పుదినుసులు, ఆకుకూరల వల్ల పెరగలేదు. పాలూ పెరుగూ తీసుకున్నవారికి తక్కువగా వచ్చింది. దావతులో పాయా తిని, మర్నాడు కందిపప్పును తిట్టడం ఏం న్యాయం!

రుమటాయిడ్ కథ వేరు. ఇది ఆడవారిలో ఎక్కువ. తెల్లవారి లేచేసరికి చేతి వేళ్ళు గంటకు పైగా బిగుసుకుని ఉంటాయి. శరీరపు రక్షణ శక్తే సొంత కీళ్ళ మీద తిరగబడడం దీనికి మూలం. ఇందులో చేప శత్రువు కాదు, చేప నూనె నొప్పినీ బిగువునూ కొంత తగ్గిస్తుంది. నార్వేలో 1991లో ప్రకటించిన ఒక చిన్న పరిశోధనలో కొద్దిరోజుల ఉపవాసం, తరువాత శాకాహారం కొందరికి మేలు చేశాయి. అదే కఠినమైన ఉపవాసం నిక్రిస్ రోగి చేస్తే రక్తంలో యూరిక్ ఆసిడ్ పెరుగుతుంది. ఒకరి కంచంలో మేలు చేసే కవ్వళ్ళ కూర ఇంకొకరికి బొటనవేలు మంట. మరి ఇద్దరికీ "వాతం" అని ఒకే పథ్యం పెడితే ఎలా?

అయితే రుమటాయిడ్‌కు తిండి తోడు మాత్రమే, మందు కాదు. ఆ మందు కథలో మన తెలుగువాడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బుకు పనికివచ్చే ఫోలిక్ ఆసిడ్‌ను అమెరికాలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో తయారుచేసింది. ఆకుకూరలలో, కార్జంలో ఉండే విటమిన్ అది. దానికి ఎదురు పనిచేసే మందులనూ వారే తయారుచేశారు. వాటిలోని మెథోట్రెక్సేట్ కేన్సరు మందుగా మొదలై, 1988లో అమెరికాలో రుమటాయిడ్‌కు ఆమోదం పొందింది. డాక్టరు చెప్పిన ప్రకారం వారానికి ఒక్కసారే వేసుకునే ఆ మందుతో ఎందరో చేతులు వంకరపోకుండా కాపాడుకుంటున్నారు. జబ్బు మొదటి ఒకటి రెండేళ్ళలోనే కీళ్ళను కొరికేస్తుంది. ఆ రెండేళ్ళూ పథ్యాలతో గడిపేస్తే, పోయిన కీలు తిరిగి రాదు.

వయసుతో వచ్చే మోకాలి అరుగుదల మూడవది. దీనికి ఏం తిన్నామన్నదాని కంటే ఎంత బరువున్నామన్నది ముఖ్యం. ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ ఊరిలో 5 కిలోల బరువు తగ్గిన ఆడవారికి ఈ జబ్బు వచ్చే ప్రమాదం సగానికి పైగా తగ్గిందని 1992లో తేల్చారు. మన చోళ్ళు, గంటెలు, ఉలవలు ఇక్కడ అక్కరకు వస్తాయి. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, తెల్ల బియ్యంలో పదికి మించదు. ఇది ఎముకకు బలమే గాని, వాపు తీసే మందు అని మాత్రం అనుకోరాదు.

సంతల్లో, బస్టాండుల్లో అమ్మే "వాతం పొడి"తో మాత్రం జాగ్రత్త. మూడు రోజుల్లో నొప్పి మాయమయిందంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చును. అది ఎముకను గుల్ల చేసి షుగరును పెంచుతుంది.

పెద్దలకు మా మనవి ఇదే. ఇంట్లో ఎవరికైనా ఆరువారాలు దాటి కీళ్ళ వాపు ఉంటే ముందు డాక్టరుకు చూపించి రక్త పరీక్ష చేయించండి. జబ్బు పేరు తెలుసుకోండి. ఆ తరువాతే కంచంలోనుండి ఏది తీయాలో, ఏది వెయ్యాలో నిర్ణయించండి. మన సంఘం వైద్య శిబిరాలు పెట్టినప్పుడు యూరిక్ ఆసిడ్, రుమటాయిడ్ పరీక్షలు కూడా చేర్చితే, ముఖ్యంగా నోరు విప్పి చెప్పుకోని ఆడవారికి ఎంతో మేలు చేసినట్లవుతుంది. తెల్ల బియ్యం సంగతి తెలుసుకోవడానికి మన ప్రాంతానికి నూరేళ్ళు పట్టింది. ఈ సంగతి తెలుసుకోవడానికి ఒక్క రక్త పరీక్ష చాలు.