మూసిన ఫైలు తెరిపించిన పక్షి

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో సర్వీసు చేసిన రోజుల్లో, గుట్టల కింద ముళ్లపొదలున్న నేలను "బంజరు" అని రాసి ఊరుకునేవాణ్ణి. అది ఏ ప్రాణికి ఇల్లో ఆలోచించలేదు.

అమెరికాలో ప్రయాణపు పావురాలు ఒకప్పుడు వందల కోట్లుండేవి. రైలు, తంతి వచ్చాక గుంపు ఎక్కడ దిగినా వేటగాళ్లకు ఇట్టే తెలిసిపోయేది. అడవులూ నరికేశారు. చివరి పావురం మార్తా 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చనిపోయింది. మ్యూజియాల్లో దాచిన పక్షుల జన్యువులను చదివి, దగ్గరి జాతి పావురం ద్వారా దాన్ని మళ్లీ పుట్టించాలని శాస్త్రజ్ఞులు ప్రయత్నిస్తున్నారు.

మన తెలుగునేల మీది కలివికోడి కథ వేరు. జెర్డాన్ దొర ద్వారా 1848లో లోకానికి తెలిసిన ఈ పక్షి 1900 తరువాత కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రిపూట ఒకదాన్ని పట్టుకున్నాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు చూసి అదేనని తేల్చారు. 86 ఏళ్ల నాటి ఫైలు తెరుచుకుంది! ఆ పొదల రక్షణకు లంకమల అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారి సైతం మార్చారు. అయినా తరువాత మళ్లీ ఏళ్ల తరబడి దాని దర్శనం కరువైంది.

మిత్రులారా! పావురాన్ని పుట్టించినా వాలడానికి అడవి కావాలి. కలివికోడి బతకడానికి పొదలు కావాలి. మన గుట్టల కింద మిగిలిన పొదలను మనవలకు చూపించేటప్పుడు "బంజరు" అనకండి. ఆ తప్పు నేను చేశాను, చాలు.