బీజింగు నగరపు పాత సందులు

బీజింగు పాత నగరములో డోంగ్‌సి అను ప్రాంతము కలదు. అచ్చట పెద్దవీధి వెంట ఉత్తరముగా నడచువారికి కుడిచేతివైపున ఒకదాని తరువాత ఒకటిగా సందులు ఎదురగును. వాని పేర్లు మూడవది, నాలుగవది, అయిదవది అను సంఖ్యలే. దాదాపు అన్నియు తూర్పు పడమరలుగా, సమాంతరముగా సాగును. ఇట్టి సందును చైనావారు హూతోంగ్ అందురు.

1267లో కుబ్లయ్ ఖాన్ ఇచ్చట దాదు అను రాజధానిని కట్టింప నారంభించెను. పథకము ల్యూ బింగ్‌జోంగ్ అను పండితునిది. పెద్దవీధి 24 బూలు, చిన్నవీధి 12 బూలు వెడల్పని ఆ యుగపు గ్రంథమొకటి చెప్పుచున్నది. బూ అనగా రెండంగలు, సుమారు ఒకటిన్నర మీటరు. ఆ లెక్కన పెద్దవీధి 37 మీటర్లు ఉండవలెను. కాని 1964 తరువాత జరిగిన త్రవ్వకములలో పెద్దవీధులు 25 మీటర్లుగాను, సందులు 6, 7 మీటర్లుగాను కనబడినవి. వ్రాసిన కొలతను నేలమీద సరిచూడవలసినదే.

సందులు తూర్పు పడమరలుగా ఏల ఉన్నవి? దీనికి జవాబు ఆకాశములో ఉన్నది. బీజింగు ఇంచుమించు 40వ ఉత్తర అక్షాంశముపై ఉన్నది. డిసెంబరు 22 ప్రాంతమున మధ్యాహ్న సూర్యుని ఎత్తు 26½ డిగ్రీలు. జూన్ 21 ప్రాంతమున 73½ డిగ్రీలు. దక్షిణముఖమైన గదిలోనికి చలికాలపు ఎండ లోపలిదాక పడును. వేసవి ఎండను చూరు ఆపును. ఉత్తరపు గోడ చలిగాలికి అడ్డము. నాలుగువైపుల గదులు, నడుమ వాకిలి గల సిహెయువాన్ అను ఇంటిలో ముఖ్యమైన గది ఉత్తరపు వైపున దక్షిణమును చూచుచుండును. ఇట్టి ఇండ్లు వరుసలు తీరినప్పుడు వాని నడుమ దారి తూర్పు పడమరలుగానే సాగును.

చియన్‌మెన్ ద్వారమునకు నైరుతిగా పోయినచో ఈ క్రమము చెదరును. యాంగ్‌మెయ్‌జు వీధి మూలవాటుగా పోవును. దాని పేరులోనే ఆ అర్థము గలదు. కుబ్లయ్‌కు పూర్వపు రాజధాని ఆ దిక్కున ఉండెడిది. పాత ఊరికిని కొత్త కోట ద్వారమునకును మధ్య జనులు అడ్డదారిన నడచుటచేత ఇట్టి వీధులు ఏర్పడినవని చరిత్రకారుల వివరణ. ఈ ప్రాంతము చుట్టును గోడ కట్టినది 1553లో మాత్రమే. ఒక వీధిని రాజు గీసెను, మరొకదానిని బాటసారులు గీసిరి. రెండవది తక్కువ చరిత్ర కాదు.

1949 తరువాత ఒకే వాకిలిలో పెక్కు కుటుంబములు చేరినవి. 1976లో తాంగ్‌షాన్ భూకంపమునకు జడిసి వాకిళ్లలో వేసికొన్న పాకలు అనేకము అట్లే నిలిచి వంటగదులైనవి. ఎండ పడిన చోటు మూసికొనిపోయినది. ఆపై విశాల మార్గములకును మేడలకును ఎన్నియో సందులను కూల్చివేసిరి. ఒక వరుస ఇండ్లను తీసివేసినచో, మిగిలిన వరుస అట్లేల నిలిచినదో చెప్పు ఆధారము పోవును. 2017లో ఆమోదము పొందిన నగర ప్రణాళిక పాత నగరమును ఇక కూల్చరాదన్నది. అయినను, ఇంట మరుగుదొడ్డి లేని కుటుంబములు అనేకము. చలికాలపు తెల్లవారుజామున వారు సందులోని ప్రజా మరుగుదొడ్డికి నడచిపోవలసినదే.