ఆశ అనగా దిక్కు



'ఆశ' అనగానే మనకు కోరిక స్ఫురిస్తుంది. సంస్కృతంలో దానికి మరొక అర్థమున్నది. అమరకోశం దిక్కునకు చెప్పిన పేర్లలో 'ఆశ' ఒకటి. ఆంగ్లాక్షరాలను కూర్చి ఆరోగ్య కార్యకర్తలకు ఈ పేరు పెట్టినవారు అమరసింహుని తలచుకొని ఉండరు. అయినా పేరు సార్థకమే అయినది.

2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనది. వేయి జనాభాకు ఒక ఆశ కార్యకర్త అని లెక్క. 2013లో ఈ ఏర్పాటు పట్టణాలకూ విస్తరించింది. గర్భిణిని కాన్పునకు ఆసుపత్రికి తోడుకొని పోవడం, పసిబిడ్డల టీకాలు గుర్తుచేయడం, జనానికీ ఏఎన్ఎంకూ నడుమ మాట చేరవేయడం ఆమె పనులు. ఇంత పని ఉన్నా ఆమె ఉద్యోగి కాదు, స్వచ్ఛంద సేవకురాలు. జీతం లేదు, పారితోషికమే. మన రాష్ట్రంలో అది 2019లో నెలకు 3,000 నుండి 10,000 రూపాయలైనది.

2020 మార్చి 22 సాయంత్రం 5 గంటలకు ఆరోగ్య సిబ్బంది కోసం దేశం చప్పట్లు కొట్టింది. నంద్యాలలో మా గుమ్మం ముందు నేనూ కొట్టాను. ఏప్రిల్‌లో నాటి కర్నూలు జిల్లా కోవిడ్ కేసులలో రాష్ట్రంలోనే ముందున్నది. ఆ రోజులలో ఒకనాడు ఒక ఆశ కార్యకర్త మా తలుపు తట్టింది.

"ఇంట్లో ఎవురికన్నా జొరముందా సార్?"

గొంతు గుర్తుపట్టాను. ఆళ్ళగడ్డలో నా దగ్గర చదువుకొని, నంద్యాలకు కోడలై వచ్చిన పిల్ల. "లేదమ్మా" అని తలుపు వేసుకున్నాను. నీకెట్లున్నదని అడుగలేదు.

2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశ కార్యకర్తలను పురస్కారంతో గౌరవించింది. పురస్కారం ఘనమే, కాని దానితో ఇల్లు గడవదు. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం వారికి గ్రాట్యుటీ, వేతనంతో కూడిన 180 రోజుల ప్రసూతి సెలవు, 62 ఏండ్ల వరకు పని ప్రకటించింది. ఊరివారి కాన్పులన్నిటికీ తోడు నిలిచిన స్త్రీ తన కాన్పు సెలవుకై ఇరవై ఏండ్లు వేచి ఉండవలసి వచ్చినది! ఇదైనా ఊరకే రాలేదు. ఒంటరిగా ఇల్లిల్లూ తిరిగేవారు ఒకచోట కూడి, బాధ చెప్పుకొని, ఏండ్ల తరబడి అడుగగా వచ్చినది.

మొన్న ఆళ్ళగడ్డ బస్సులో ఆ పిల్ల కనబడింది, పుట్టింటికి పోతున్నది. "కరోనాలో నీకెట్లుండెనమ్మా?" అన్నాను. కాసేపు కిటికీలోకి చూసింది.

"పిల్లోల్లను ముట్టుకోవాలంటే బయం సార్. వసారాలో పండుకుంటాంటి. ఇంతవరకు ఎవురూ అడగల్యా."

నంద్యాల దాటుతుండగా మొదలైన మాట శిరివెళ్ళ దాటినా తెగలేదు. ఆళ్ళగడ్డలో దిగేవరకు ఆమె చెబుతూనే ఉన్నది. అందరికీ దిక్కైనవారికి ఒక దిక్కు కావాలని, ఇన్నేండ్లు పాఠాలు చెప్పిన నాకు అంత ఆలస్యంగా తెలిసినది.