వెస్లీ జమాఖర్చులు

మెదకు పట్టణమందలి గొప్ప క్రైస్తవ దేవాలయమును మీలో పలువురు చూచియుందురు. 1924వ సంవత్సరమున ప్రతిష్ఠింపబడిన యా మందిరమును కట్టించినవారు వెస్లీ సంప్రదాయమునకు చెందిన మిషనరీలు. ఆ సంప్రదాయమునకు మూలపురుషుడగు జాన్ వెస్లీ ధనమును గూర్చి యేమి తలచెనో, ఆ తలంపు నెట్లాచరించెనో నేడు మనవి చేసెదను. నేను క్రైస్తవుడను గాను. పంచకావ్యములు చదివి బడిలో పాఠములు చెప్పుకొని బ్రతికినవాడను. అయినను ఆయన జమాఖర్చులు చదివినప్పుడు నా జమాఖర్చులు జ్ఞప్తికి వచ్చి సిగ్గుపడితిని.

వెస్లీ 1703లో ఇంగ్లాండునందలి ఎప్వర్తు గ్రామమున జన్మించెను. తండ్రి ఆ యూరి మతగురువు. ఇంటినిండ బిడ్డలు, తలకు మించిన యప్పులు. 1705లో ఋణము తీర్చలేక ఆ తండ్రి లింకను కోటలోని చెరసాలపాలయ్యెను. అట్టి యింట పుట్టినవానికి డబ్బు విలువ తెలియకుండునా?

ఆక్స్‌ఫర్డులో నున్నకాలమున, ఒక చలిదినమునందు, తామే చదివించుచున్న బీదబాలిక యొకతె పలుచని గౌనుతో వెస్లీ గదికి వచ్చెను. ఏమైన నిత్తమని సంచిలో చేయిపెట్టగా మిగిలినది స్వల్పము. గదిగోడల కలంకరించిన చిత్రపటములు కంటబడెను. గోడలకు తొడిగిన సొమ్ముతో ఆ పిల్ల చలి తీరియుండును గదా యని ఆయన మనసు కలతపడెను.

ఆక్స్‌ఫర్డు యువకుడొకని లెక్కను ఆయన యొకచోట వ్రాసెను. పేరు చెప్పలేదు గాని, ఆ యువకు డాయనయే యని చరిత్రకారుల మతము. మొదటి యేట రాబడి 30 పౌనులు. 28 వాడుకొని 2 దానము చేసెను. రెండవయేట 60 వచ్చెను. ఖర్చు 28, దానము 32. తరువాత 90 వచ్చినను, 120 వచ్చినను, ఖర్చు మాత్ర మా 28 పౌనులే! నా జీతము పెరిగిన ప్రతిసారియు ఖర్చు దానికంటె నొక మెట్టు ముందే పోయి కూర్చుండెడిది.

1760లో ఆయన ధనవినియోగమును గూర్చిన ప్రసంగమును ప్రకటించెను. ధనము దైవసొత్తు, మనుజుడు దేవాలయ ధర్మకర్త వంటివాడు మాత్రమే యని దాని సారము. శక్తికొలది ఆర్జింపుమనెను, కాని ఆరోగ్యమును చెరుపుకొని గాని, పొరుగువానిని చెరిపి గాని కాదు. సారాయి వర్తకమును, తాకట్టు వ్యాపారమును నిషేధించెను. ఆర్జించినది దుబారా చేయక మిగుల్చుమనెను. ఇంటివారికి వలసినది పోగా శేష మంతయు ఇచ్చివేయుమనెను. 1776లో పన్నుల యధికారులు, నీ యింటి వెండిసామానుల లెక్క చూపుమని వ్రాయగా, లండనులో రెండు చెంచాలు, బ్రిస్టలులో రెండు కలవని బదులు వ్రాసెను.

అసలు చిక్కు ముందున్నది. త్రాగుడు మాని, ఒడలు వంచి పనిచేసి, పొదుపు నేర్చిన యాయన శిష్యులు క్రమముగా ధనికులైరి! భక్తి శ్రద్ధను పుట్టించును, శ్రద్ధ ధనమును పుట్టించును, ధనము గర్వమును పుట్టించి తన తల్లియైన భక్తినే చంపునని 1786లో ఆయన వగచెను. మూడవ యాజ్ఞ యొక్కటే దీనికి మందని ఆయన నిశ్చయము. ఆర్జించువారు పెక్కురు, మిగుల్చువారు కొందరు, ఇచ్చువారు మిక్కిలి యరుదని 1789లో మరల వాపోయెను. మొదటి రెంటిలో స్వలాభ మున్నది గనుక వానికి గురువుతో పనిలేదని నాకు తోచును.

ఆయన 1791 మార్చి 2వ తేదీన, 87 ఏండ్ల వయసున పరమపదించెను. తన శవమునకు బండి వలదనియు, ఆరుగురు నిరుపేదలు మోయవలెననియు, వారికి తలకొక పౌను చొప్పున ఈయవలెననియు మరణశాసనమున వ్రాసియుంచెను.