పసుపు మేరీ పాట

ఐర్లండులో, కార్క్ జిల్లా పడమటి కొండల్లో మాయిర బ్వీ అని ఒక రైతు ఇల్లాలు ఉండేది. పుట్టింది 1774లో. ‘బ్వీ’ అంటే పసుపుపచ్చ, వాళ్ళ పుట్టింటివారి వాడుక పేరు. పసుపు మేరీ అందాం మనం! తొమ్మిదిమంది పిల్లల తల్లి. చదవడం, రాయడం రావు. ఐరిష్‌లో పాటలు మాత్రం కట్టేది.

ఆ రోజుల్లో కాథలిక్ రైతులు తమది కాని చర్చికి పంటలో వాటా చెల్లించాలి. పైన కౌలొకటి. కడుపు మండదూ? 1822 జనవరిలో కీమనే కనుమలో జమీందారు తెచ్చిన సైన్యం మీద తిరగబడ్డారు. ఆవిడ కొడుకులూ ఉన్నారందులో. సర్కారు దృష్టిలో వాళ్ళు అల్లరిమూక. మేరీ పాటలో మాత్రం మనవాళ్ళు! ఇళ్ళొదిలి పరుగెత్తిన ఆడవాళ్ళనీ ఆవిడ మరిచిపోలేదు. నాకు ఆ పాటమీద గురి కుదిరింది అక్కడే.

కరువు రోజుల్లో ఆ కుటుంబం పొలం పోగొట్టుకుంది. ఆవిడా ఆ రోజుల్లోనే కన్నుమూసింది. పాటలు నోటినుంచి నోటికి నడిచి, 1931లోగాని పుస్తకంగా అచ్చుకాలేదు. కీమనే పాటని ఐరిష్ గాయకులు ఈనాటికీ, పక్కవాద్యం లేకుండా, ఒంటిగొంతుతో పాడుతున్నారు.